సదుద్దేశం అనే టీకా

‘సదుద్దేశంతో’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ అధికారి అయినా ఆ మాట అన్నాడంటే ఎవరి కొంపో మునిగిందనే లెక్క.

ఆ మాటను చట్టంలోకి ఎక్కించిన మహానుభావులకు మనం ఇంతవరకు విగ్రహం పెట్టకపోవడం అన్యాయం. 1896లో బొంబాయిలో ప్లేగు పడింది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. మొత్తం నాలుగే సెక్షన్లు, మన పెళ్లి శుభలేఖలు నయం. రోగికి ఫలానా వైద్యం చెయ్యాలన్న ముక్క అందులో లేదు. నాలుగో సెక్షన్ మాత్రం ముత్యం: ఈ చట్టం కింద సదుద్దేశంతో ఏం చేసినా ఎవరి మీదా దావా వెయ్యకూడదు. అదే జనవరిలో హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి ముందు తనకే పొడుచుకున్నాడు, అమాయకుడు. సర్కారు వారి టీకాకు సూది కూడా అక్కర్లేదు.

ఇక పూనా. ప్లేగు కమిటీకి పెద్ద ర్యాండ్ దొర. ఇళ్ల సోదాకు సైన్యాన్ని దింపాడు. బూట్లతోనే వంటింట్లోకి, బూట్లతోనే దేవుడి గదిలోకి. సామాన్లు వీధిలో వేసి తగలబెట్టడం. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమోనని ఆడవాళ్లను నిలబెట్టి బట్టలు తొలగించి చూడటం. ఇదంతా అటక మీంచి ఒక ఎలుక చూస్తూ ఉండి ఉంటుంది. దాని బొచ్చులో ప్లేగును మోసే ఒక గెంతే పురుగు. పటాలం మొత్తం వెతుకుతున్నది దాని కోసమే, కానీ దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అది హాయిగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, వీలైతే సిపాయి మేజోడు మీదే ఎక్కి, ఊరేగింది. దాని గుట్టు సైమండ్ అనే ఫ్రెంచ్ డాక్టరు బయటపెట్టేసరికి 1898 వచ్చింది. పురుగుది కూడా సదుద్దేశమే అయ్యుంటుంది లెండి.

1897 జూన్ 22న, ప్లేగుతో కాలిన ఊళ్లో విక్టోరియా రాణిగారు గద్దెనెక్కి అరవై ఏళ్లని విందు. విందు నుంచి తిరిగొస్తున్న ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. దామోదర్ చాపేకర్‌ను ఉరితీశారు. ‘కేసరి’ పత్రికలో రాతలకు తిలక్‌కు పద్దెనిమిది నెలల జైలు. ఆ రాతల్లో మాత్రం కోర్టుకు సదుద్దేశం కనపడలేదు. అదే పూనాలో, ప్లేగు తగిలిన ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకుని కొడుకు వైద్యశాలకు చేర్చిన సావిత్రీబాయి ఫూలే ఆ జబ్బుతోనే 1897 మార్చి 10న పోయింది. ఆమెను కాపాడే సెక్షన్ ఆ నాలుగింట్లో లేదు.

2020లో కరోనా వచ్చేసరికి మన వాళ్లు అదే కాగితం దుమ్ము దులిపి తీశారు. సవరించారు కూడా. నాలుగో సెక్షన్ జోలికి పోలేదు, తెలివైనవాళ్లు.

ఆ మే నెలలో, లాక్‌డౌన్ వేళ, మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర, నడిచి నడిచి పట్టాల మీదే నిద్రపోయిన 16 మంది కూలీల మీంచి గూడ్సు రైలు వెళ్లింది. పట్టాల మీద చెల్లాచెదురైన రొట్టెల ఫొటో దేశమంతా చూసింది. సెప్టెంబరులో లోక్‌సభలో, దారిలో ఎంతమంది వలస కూలీలు చచ్చిపోయారని అడిగితే, లెక్క లేదన్నారు. లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే లేదట! రొట్టెలు కనపడ్డాయి, వాటిని చేసుకున్నవాళ్లు కనపడలేదా? మరుసటి మేలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది ఊపిరాడక పోయారు. రెండు నెలలకు రాజ్యసభలో చెప్పిన జవాబు: ఆక్సిజన్ లేక చనిపోయినట్టు ఏ రాష్ట్రమూ ప్రత్యేకంగా తెలియజేయలేదు. ఆ 11 ఇళ్లకు వెళ్లి, గుమ్మంలో నిలబడి, ఇదే వాక్యం చదవండి, సిగ్గుంటే.