బండితో పాటు తల కొలత కూడా

గత నెల మా మేనల్లుడు నల్లగొండలో కొత్త బండి తీసుకున్నాడు. ఉద్యోగం చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో, ఇల్లు నార్కట్‌పల్లి పక్క ఊళ్లో. రోజూ 65వ నంబరు జాతీయ రహదారి మీద 30 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి, షిఫ్టు ముగిశాక అంతే దూరం తిరిగి రావాలి. షోరూంలో రెండు గంటలు కూర్చున్నాం. రంగు, మైలేజీ, నెలవారీ వాయిదా, క్రాష్ గార్డు, సీటు కవరు అన్నీ తీరిగ్గా మాట్లాడుకున్నాం. చివర్లో తాళంచెవితో పాటు ప్లాస్టిక్ కవరు చుట్టిన హెల్మెట్ ఒకటి చేతిలో పెట్టారు. మావాడు పెట్టుకుని తల ఎడమకు తిప్పాడు. తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. సైజు మార్చమని అడిగితే 'అందరికీ ఇదే ఇస్తాం సార్' అన్నారు.

ద్విచక్ర వాహనం కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ కూడా ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది చెబుతోంది. ఆ హెల్మెట్ పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలని మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ స్పష్టంగానే అంటోంది. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ కింద ఉల్లంఘనకు 1000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత. కాగితం మీద లోటేమీ లేదు. అమ్మే చోట మాత్రం తల కొలిచే టేపు కనిపించదు. తనిఖీ చేసే చోట నెత్తిన హెల్మెట్ ఉందా లేదా అన్నదే చూస్తారు, పట్టీ గురించి అడిగేవారు తక్కువ. అందుకే మన జిల్లాల్లో హెల్మెట్ కొనుగోలు చలానుతో మొదలై చలానుతోనే ముగుస్తోంది. కొత్తగా బండెక్కేవారు అడగవలసింది వేరే ప్రశ్న అని నా అభిప్రాయం. ఈ ఎండలో, ఈ రోడ్డు మీద, రోజూ ఒంటి మీద ఉంచుకోగలిగిన రక్షణ ఏది?

మొదట తల. దర్జీ టేపును కనుబొమలకు కాస్త పైగా, చెవుల మీదుగా, వెనక తల ఉబ్బెత్తుగా ఉన్నచోట చుట్టి సెంటీమీటర్లలో చూసుకోవాలి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీకి లార్జ్ కావచ్చు కాబట్టి అక్షరాన్ని నమ్మకుండా సెంటీమీటర్లను అడగాలి. పెట్టుకున్నప్పుడు బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి. నుదుటి మీద ఒకేచోట పోటు పుట్టకూడదు. తలను అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ చర్మాన్ని కూడా తనతో లాగాలి. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లేపి చూడాలి. దుకాణంలో ఊడివచ్చేది రోడ్డు మీదా ఊడివస్తుంది. చాలామంది చేసే పొరపాటు హాయిగా ఉన్నదాన్ని ఎంచుకోవడం. లోపలి మెత్తలు వాడకంలో అణుగుతాయి. మొదటి రోజే వదులుగా ఉన్నది ఆరు నెలలకు గిన్నెలా తిరుగుతుంది. పది నిమిషాలు తీయకుండా పెట్టుకుని కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పది నిమిషాలు ఇవ్వడానికి ఇష్టపడని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లను మన దేశంలో తయారు చేయకూడదు, అమ్మకూడదు. గుర్తుకు పైన ఐఎస్ 4151 అనే హెల్మెట్ ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ లైసెన్సు సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు కనిపిస్తాయి. స్టిక్కరు అంటించడం ఎవరికైనా సాధ్యమే కనుక ఈ చిన్న పరీక్ష తప్పనిసరి. రోడ్డు పక్కన తాడుకు వేలాడదీసి అమ్మే, సగం తలనే కప్పే హెల్మెట్లలో కొన్నింటికి లోపల గుడ్డ, పలుచటి స్పాంజి తప్ప ఏమీ ఉండదు. బండి మీద పడిన మనిషికి గడ్డం, దవడ కూడా నేలకు తగులుతాయి. అందుకే ముఖమంతా కప్పే హెల్మెట్‌నే కొనమంటాను.

ప్రాణం కాపాడే పనిలో ఎక్కువ భాగం పైన మెరిసే డొప్పది కాదు, దాని లోపలి థర్మాకోల్ పొరది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల ఆగే సమయాన్ని కొద్దిగా పెంచుతుంది. ఆ కొద్ది తేడాయే మెదడును కాపాడుతుంది. ఒకసారి నలిగిన థర్మాకోల్ తిరిగి ఉబ్బదు. పైన గీతే కనిపించినా, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పని అయిపోయినట్టే. అన్న వాడిన హెల్మెట్ తమ్ముడికి ఇచ్చే ముందు అది ఎప్పుడైనా తలతో సహా పడిందా అని అడగాలి. ఇంకొక సంగతి. బండి తుడిచిన పెట్రోలు గుడ్డతోనే హెల్మెట్ మరకలు కూడా తుడుస్తుంటారు. పెట్రోలు తగిలితే థర్మాకోల్ ఏమవుతుందో బడిలో ప్రాజెక్టులు చేసిన పిల్లలందరికీ తెలుసు, కరిగిపోతుంది. సబ్బు నీళ్లు చాలు.

'ఊళ్లోకే కదా' అనే మాట మన దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. భూమికి అయిదడుగుల పైచిలుకు ఎత్తులో ఉన్న తల, బండి ఆగి ఉన్నప్పుడు అడ్డంగా పడినా గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. మన గమ్యం ఎంత దూరమో సీసీ రోడ్డుకు తెలియదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2008లో చేసిన సమీక్ష, హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయని తేల్చింది.

ఇక ఎండ. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. హెల్మెట్ వద్దనేవారి వాదనలన్నింటిలో నేను గౌరవించేది ఇదొక్కటే, ఎందుకంటే ఆ ఉక్క నిజం. అయితే దానికి మనం కనిపెట్టుకున్న పరిష్కారం కొత్త ముప్పు తెస్తోంది. తలకు మందపాటి తువ్వాలు చుట్టి దాని మీద హెల్మెట్ దించుతాం. అందుకోసం ఒక సైజు పెద్దది కొంటాం. తువ్వాలు జారుతుంది, పట్టీ గడ్డం కింద సరిగ్గా కూర్చోదు, చలికాలంలో తువ్వాలు తీసేశాక హెల్మెట్ వదులైపోతుంది. చెమట పీల్చే పలుచటి నూలు టోపీ ఒకటి లోపల వేసుకుంటే ఆ పని జరుగుతుంది, కొలతా మారదు. ఉతికి ఆరేసుకోవడానికి వీలుగా రెండు ఉంచుకోవచ్చు. కొనేటప్పుడే లోపలి మెత్తలు ఊడదీసి ఉతకడానికి వస్తాయా, ముందు వెనక గాలి రంధ్రాలున్నాయా అని చూడాలి.

చేతులు, ఒళ్లు కప్పుకుంటే ఉడికిపోతామన్న భయం కూడా సగమే నిజం. గాలి వేడి ఒంటి వేడిని మించినప్పుడు చొక్కా గుండీలు విప్పి వేగంగా పోయినా చల్లబడం, ఆ వడగాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. పత్తి చేలో, మిరప చేలో పనిచేసే మన ఆడవాళ్లకు ఇది తెలుసు. చీర మీద నిండు చేతుల మగవాళ్ల చొక్కా వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని మండుటెండలో దిగుతారు. బండికి కూడా అదే సూత్రం. లోపల తడిపిన నూలు చొక్కా, పైన గాలి దూరే జాలీ జాకెట్ ఉంటే ఉత్త చేతులతో పోయేవారి కన్నా హాయిగా పోవచ్చు, నీళ్లు తాగుతూ ఉండాలంతే.

మన రోడ్ల మీద పడే తీరు వేరు. కోతల కాలం వస్తే మిర్యాలగూడ, హాలియా, సూర్యాపేట వైపు సగం రోడ్డు కల్లం అవుతుంది. రాత్రి వడ్ల రాశి మీద టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. మలుపులో ఎర్రమట్టి, కంకర. ముందు ట్రాక్టరు ట్రాలీ, దాని వెనక ఎర్ర దీపమూ ఉండదు, మెరిసే పట్టీ కూడా ఉండదు. ఇలాంటిచోట జరిగేవాటిలో లారీ గుద్దడాల కన్నా చక్రం జారి పక్కకు ఒరగడాలే నేను ఎక్కువగా చూశాను. ఒరిగే మనిషి ఆలోచించకుండానే అరచేయి నేలకు ఆనిస్తాడు. చెప్పు అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది. అరచేతి చర్మం లేచిపోయిన మనిషి నెల రోజులు నాగలి కాదు గదా, అన్నం ముద్ద కూడా పట్టలేడు. కూలి మీద బతికే ఇంటికి ఆ నెల ఎంత బరువో పాలమూరు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకే హెల్మెట్ తర్వాత డబ్బు పెట్టవలసింది జాకెట్ మీద కన్నా ముందు చేతులకు, పాదాలకు అంటాను. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా ప్రాంతంలో ప్రమాదానికి గురైన 212 మంది బండి నడిపేవారిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. బండి కోసం తయారైన గ్లౌజులు, జాకెట్లు వేసుకున్నవారు ఆసుపత్రిలో చేరవలసిన అవసరం గణనీయంగా తగ్గింది. నన్ను ఆకట్టుకున్నది మరో ఫలితం. మడమ దాటి చీలమండను కప్పే బూటు ఏదైనా సరే, బండి కోసం ప్రత్యేకంగా చేసింది కాకపోయినా, చీలమండ దాకా రాని మామూలు బూట్లతో పోలిస్తే పాదాల గాయాలను బాగా తగ్గించింది. మా మేనల్లుడికి ఫ్యాక్టరీ ఇచ్చిన తోలు బూట్లు చీలమండ దాకా ఉన్నాయి. అవి లాకరులో ఉంటాయి, వాడు రహదారి మీద చెప్పులతో పోతాడు! పనిచోట రక్షణకు ఇచ్చిన బూట్లు పనిచోటికి పోయే దారిలో కూడా వేసుకోవచ్చన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. గ్లౌజులైతే అరచేతి మొదట్లో, మణికట్టుకు కాస్త పైన తోలు రెండు పొరలుగా ఉండాలి, మణికట్టు దగ్గర పట్టీ ఉండాలి. గుంజితే ఊడిరాకూడదు.

జాకెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. భుజాలు, మోచేతుల దగ్గరి ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అనే యూరప్ ప్రమాణం ముద్ర, లెవెల్ 1 లేదా 2 అని ఉంటుంది. లెవెల్ 2 దెబ్బను ఎక్కువగా మింగుతుంది. వీపు దగ్గర చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు, జేబులో చేయి పెట్టి తీసి చూడాలి. ఖరీదైనదే మేలనీ అనుకోనక్కర్లేదు. అదే కాన్‌బెరా అధ్యయనంలో దాదాపు 30 శాతం జాకెట్లు చిరిగి విఫలమయ్యాయి. ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా శ్రీశైలం పోయే కుర్రవాళ్లు మన్ననూరు దగ్గర నిండు జాకెట్లతో కనిపిస్తారు. వారిని చూసి మనవాళ్లు అదంతా విహారానికి పోయేవారి సరంజామా అనుకుంటారు. నెలకొక ఆదివారం పోయేవారి కన్నా, నెలకు 26 రోజులు నైట్ షిఫ్టు ముగించుకుని నిద్రకళ్లతో ఇంటికి తిరిగొచ్చే మనిషికే దాని అవసరం ఎక్కువ.

రంగు గురించి కూడా ఆలోచించాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జరిపి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవారికి గాయపడే ముప్పు 24 శాతం తక్కువ. మెరిసే దుస్తులు వేసుకున్నవారికి 37 శాతం తక్కువ. మన షోరూంలు ఇచ్చేవి ఎక్కువగా నల్లవే. హెల్మెట్ ముందరి అద్దం మాత్రం తెల్లగా, పారదర్శకంగా ఉండాలి. నల్లద్దంతో రాత్రి బండి నడపడం కళ్లు సగం మూసుకుని నడపడమే. ఊక లారీ వెనక చిక్కుకున్నవారికి, తొలకరి రాత్రి ఉసిళ్ల గుంపులోకి దూసుకుపోయినవారికి ఆ అద్దం విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది వెనక సీటు. 2022లో హెల్మెట్ లేకుండా దేశంలో 50,029 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మన ఊళ్లలో వెనక కూర్చునేది అమ్మ, భార్య, చెల్లెలు. ముందున్న మగవాడి తల మీద హెల్మెట్ ఉంటుంది, ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఆమె ఒడిలో బిడ్డ ఉంటుంది, ఆ ఇద్దరి తలలూ ఉత్తవే. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలన్నది చట్టం. అంతకన్నా చిన్నపిల్లలకు కూడా (తొమ్మిది నెలలు దాటితే) హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022 నిబంధనలు చెబుతున్నాయి. సుమారు లక్ష రూపాయలు పెట్టి కొన్న బండికి రెండో హెల్మెట్ భారం అనడం నేను ఒప్పుకోలేను. కొనే రోజే ఇద్దరి కొలతలు తీసి, ఇద్దరికీ సరిపోయేవి ఇస్తేనే బండి బయటికి పంపాలని రవాణా శాఖ షోరూంలకు చెప్పాలి. దర్జీ టేపు ఖరీదు ఎంతని!

మేము మర్నాడు తిరిగి వెళ్లాం. షోరూంలో మార్చలేదు. పట్టణంలోనే వేరే దుకాణంలో పద్నాలుగు వందలకు తెల్ల హెల్మెట్ దొరికింది. ఇంటికొచ్చి మా అక్క తల కొలుద్దామంటే 'నాకెందుకురా, సంతకు పోయేదానికి' అంది. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి వాడే కొలిచాడు. కొప్పు మీద హెల్మెట్ కూర్చోదని, జడ కిందికి వేసుకుంటేనే పడుతుందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఫ్యాక్టరీ బూట్లు ఇంటికి వస్తున్నాయి. గ్లౌజులు కొన్నాడు. జాకెట్ ఇంకా కొనలేదు, యాసంగి వడ్ల డబ్బు చేతికొచ్చాక కొంటానన్నాడు. అప్పటిదాకా పాత చొక్కా వీపుకు మెరిసే పట్టీలు రెండు మా అక్క కుట్టి ఇచ్చింది.