ఉమ్మడి ప్రత్యర్థి శాస్త్రం

అమెరికాలోని చిన్న కళాశాలల అమ్మాయిల సాకర్ జట్లలో ఏది మేలైనదో తేల్చడానికి అక్కడి మన తెలుగు తండ్రులు ఒక శాస్త్రాన్నే నిర్మించారు. ఇందులో పండితుడు కావడానికి ఒకటే అర్హత: మ్యాచ్ చూసి ఉండకూడదు. చూస్తే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడితే లెక్క చెడుతుంది.

శాస్త్రానికి మూలం ఉమ్మడి ప్రత్యర్థి. క కళాశాల ఖ మీద రెండు గోల్స్ తేడాతో గెలిచింది. ఖ, గ జట్ల మ్యాచ్ డ్రా అయింది. గ వెళ్లి ఘ ను మూడు గోల్స్ తేడాతో ఓడించింది. కనుక ఘ కన్నా క సరిగ్గా అయిదు గోల్స్ గొప్పది. జాతకాలు కలిసాక వధూవరుల ముఖాలతో పని లేనట్టే, ఇక మైదానంతో పని లేదు. తీరా అక్టోబరులో ఘ వచ్చి క ను ఓడించిందనుకోండి, పండితులు చలించరు. ఆ రోజు వాన పడింది అంటారు. వాన ఒక్క జట్టు మీదే పడినట్టు.

ఈ చిన్న కళాశాలలు ఆడే స్థాయి పేరు డివిజన్ త్రీ. 2016లో దాని జాతీయ ఫైనల్లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పెనాల్టీ కిక్కులతో మెసయా కళాశాలను దాటి విజేత అయింది. ఆ రెండు జట్ల నాణ్యతలో తేడా ఎంత అని ఒకాయనను అడిగాను. "ఒక కిక్కు" అన్నాడు. నవ్వలేదు.

కళాశాలల ఆటల పోటీలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ వారు కూడా 2024 నుంచి డివిజన్ త్రీలో ఎన్‌పీఐ అనే సూచీని వాడుతున్నారు. గెలుపోటములనూ ప్రత్యర్థుల బలాన్నీ కలిపి ఒక సంఖ్యగా మారుస్తారు. నాలుగు వందలకు పైగా జట్లు, వాటిలో చాలావరకు ఒకదాని ముఖం ఒకటి చూడనివి, జాతీయ పోటీలో ఉన్నవి 64 స్థానాలు. కాబట్టి వారికి ఏదో ఒక సంఖ్య కావాలి. డ్రాయింగ్ రూములో సోఫా మీద కూర్చుని గారెలు తింటున్న మనకెందుకో తెలియదు.

న్యూజెర్సీలో ఒక దీపావళి విందు. టీవీలో సినిమా రావాల్సిన చోట ఎక్సెల్ షీటు వచ్చింది. ఎడమ వైపు కళాశాలల పేర్లు, కుడి వైపు గుణకాలు. గుణకాలు ఎవరివని అడగకూడదు, గృహస్థు నొచ్చుకుంటాడు. షీటు ప్రకారం మొదటి స్థానం మెసయాకు వచ్చింది. రావాలి కదా, ఆరుసార్లు జాతీయ విజేత. గదిలో ఇబ్బందిగా నిశ్శబ్దం. ఆ పేరు ఊళ్లో చెబితే ఎవరికి తెలుస్తుంది? ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "కళాశాల ప్రతిష్ఠకు కూడా కొంత బరువు ఇవ్వాలండీ" అన్నాడు. ఇచ్చారు. ఇంకొంత ఇచ్చారు. చదువుకు పేరున్న విలియమ్స్ కళాశాల పైకి వచ్చేదాకా ఇస్తూనే పోయారు. 2015, 2017, 2018లో విలియమ్స్ నిజంగానే గెలిచింది గనుక శాస్త్రం నెగ్గిందని అందరూ సంతోషించి పాయసం వడ్డించుకున్నారు. ఎంసెట్ ర్యాంకు చూసి కాలేజీ ఎంచుకున్న తరం ఇప్పుడు కాలేజీ పేరు చూసి ర్యాంకు వేస్తున్నది. దీన్నే ప్రగతి అంటారు.

ఆ గదిలో సాకర్ ఆడిన మనిషి ఒక్కరే ఉన్నారు. గృహస్థు కూతురు, పదకొండో తరగతి, డిఫెండర్. "నాన్నా, షీటులో మూడు గోల్స్ తేడా అని రాసిన ఆ మ్యాచ్ నేను చూశాను. వాళ్ల గోల్‌కీపర్‌కు దెబ్బ తగిలితే మిడ్‌ఫీల్డర్ గోల్‌లో నిలబడింది. అందుకే మూడు గోల్స్" అంది. "అది గుణకంలో లేదమ్మా" అన్నాడు తండ్రి, ప్రేమగానే.

డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఏడాదికి 80 వేల డాలర్లు దాటే చోట్ల కూడా ఆట పేరు మీద ఒక్క డాలరు రాదు. అయినా ఈ పిల్లలు ఆడతారు. రాత్రంతా బస్సులో ప్రయాణించి, ఫోను వెలుతురులో కెమిస్ట్రీ చదువుకుని, ఖాళీ గ్యాలరీల ముందు ఆడతారు. ఆడాలని ఉంది గనుక ఆడతారు. ఆ జట్టు మంచిదో కాదో తెలుసుకోవాలంటే అడగవలసినవి అడగండి. మొదటి ఏడాది చేరిన అమ్మాయిల్లో నాలుగో ఏడాదికి ఎంతమంది మిగిలారు? వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు? మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే చూసే ట్రైనర్లు ఎంతమంది? అమ్మాయిలకు ఆ గాయం అబ్బాయిలకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. మీ షీటులో దానికి ఒక గడి అయినా ఉందా? కోచ్ చెబితే అడ్మిషన్ దొరుకుతుందన్న ఆశకు జట్టు నాణ్యత అని పేరు పెట్టి, పదహారేళ్ల పిల్ల కాళ్ల మీద నిలబెట్టారు.

ఆ డిఫెండర్ కాలికి కట్టు ఉంది. తెగినది అదే, ఏసీఎల్. పాయసం గిన్నెతో ఒకాయన వంగి, "మరి ఇప్పుడు నిన్ను ఏ ర్యాంకు జట్టు తీసుకుంటుందమ్మా?" అని అడిగాడు.

అయ్యా, లేవండి. ఆ సోఫాలో సగం మీరే ఆక్రమించారు. ముందు ఆ పిల్లను కాలు చాపుకోనివ్వండి.