ఓ జెండాల స్వెటరూ, నిన్ను ఏ బీరువాలో పడేశారు?

ప్రియమైన స్వెటర్‌కి,

1975 జూన్‌లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో మార్గరెట్ థాచర్ నిన్ను వేసుకుని ఫోటోలు దిగిన రోజు గుర్తుందా? యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి అప్పటి రూపం) ఉండాలా వద్దా అని అప్పుడు బ్రిటన్‌లో రెఫరెండం, నీ ఒంటి నిండా సభ్యదేశాల జెండాలు. కన్జర్వేటివ్ పార్టీకి అప్పుడే కొత్తగా నాయకురాలైన ఆవిడ "ఉందాం" అని ఊరంతా తిరిగారు, 67 శాతం మంది సరే అన్నారు. వద్దు వద్దని గోల చేసింది ఎక్కువగా లేబర్ వాళ్లే!

మా వైపు నాయకులు పార్టీ మారితే కండువా మారుస్తారు. మీ దగ్గర పార్టీ మారకుండానే స్వెటర్ విప్పేశారు.

నాకైతే ఆవిడకి ప్రేమ నీ మీద కాదు, సంత మీద అనిపిస్తుంది. ప్రధాని అయ్యాక 1984లో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో అలకపాన్పు ఎక్కి, కమ్యూనిటీకి కట్టిన డబ్బులో కొంత వెనక్కిస్తే గానీ దిగనని కూర్చుని రిబేటు సాధించారు. ఒకే మార్కెట్ కోసం 1986లో సింగిల్ యూరోపియన్ యాక్ట్‌కీ ఒప్పుకున్నారు. సరుకు దాటడానికి గేట్లు తీయాలి, ఆ గేటు దగ్గర రూల్స్ మాత్రం కమ్యూనిటీ ఆఫీసులుండే బ్రస్సెల్స్ రాయకూడదు! 1988లో బెల్జియంలోని బ్రూజ్‌లో బ్రస్సెల్స్ పెత్తనం వద్దని ప్రసంగం, 1990లో బ్రస్సెల్స్‌కి ఇంకా అధికారాలు ఇవ్వనంటూ పార్లమెంటులో "నో, నో, నో", ఆ వెంటనే ప్రధాని కుర్చీ కూడా పోయింది.

అప్పుడే జర్మనీలో ఛాన్సలర్ హెల్మూట్ కోల్ ఉన్నాడు, ఆయనదీ ఆ గూటి పార్టీయే (కన్జర్వేటివ్ అంటే ఒప్పుకోరు, క్రిస్టియన్ డెమోక్రాట్లం అంటారు, పోనీ). ఆయన యూరో కోసం ఏకంగా సొంత కరెన్సీ డాయిష్ మార్క్‌నే వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇరుగుపొరుగు జర్మనీని మళ్లీ గడప తొక్కనిచ్చింది యూరప్ పేరు మీదే కదా, యుద్ధం తర్వాత మొదటి ఛాన్సలర్ అడెనావర్ కాలం నుంచీ ఆ పార్టీకి అది పరువు సంగతి. యుద్ధం గెలిచిన ఇంటికి ఆ బాకీ లేదు.

ఇక హంగరీ ఓర్బాన్ గారు ఇల్లరికపు అల్లుడు. కోల్ పార్టీ వాళ్లుండే, యూరోపియన్ పార్లమెంటులోని యూరోపియన్ పీపుల్స్ పార్టీ అనే గ్రూపులోనే ఏళ్ల తరబడి కూర్చుని బ్రస్సెల్స్‌ని తిట్టారు, 2019లో సస్పెండ్ చేస్తే 2021లో, ఇక గెంటేసేలా ఉన్నారని తెలిసి తనే లేచి వెళ్లారు. వెళ్లింది ఆ గ్రూపులోంచే, యూనియన్‌లోంచి కాదు. నిధులు వడ్డించే విస్తరి ముందు నుంచి ఎవరు లేస్తారు? ఒకప్పుడు యూరో వదిలేద్దామన్న ఇటలీ మెలోని కూడా ప్రధాని అయ్యాక ఆ ఊసే ఎత్తలేదు.

లేచింది మీ వాళ్లే. కన్జర్వేటివ్ నాయకుడు కామెరాన్, యూరప్ అంటే మండిపడే సొంత ఎంపీలను చల్లబరచడానికి 2009లో ఆ పీపుల్స్ పార్టీ గ్రూపు నుంచి బయటికొచ్చి పోలండ్ పీఐఎస్, చెక్ ఓడీఎస్ పార్టీల వాళ్లతో కలిసి వేరు కుంపటి పెట్టాడు. ఆ ఎంపీలు చల్లబడలేదు, దాంతో 2016లో ఇంటి గొడవని రెఫరెండంగా దేశం మీద పెట్టాడు. అదే పార్టీ బోరిస్ జాన్సన్ యూనియన్‌లో ఉండాలని ఒక వ్యాసం, పోవాలని ఒక వ్యాసం రాసుకుని రెండోది అచ్చుకిచ్చాడు. 51.9 శాతం ఓట్లతో యూనియన్‌లోంచి పోయారు. ఆ వేరు కుంపటి దగ్గర కూర్చుని బ్రస్సెల్స్‌ని తిట్టిన పోలండ్, చెక్ చుట్టాలు మాత్రం ఇప్పటికీ యూనియన్‌లోనే హాయిగా ఉన్నారు. అలకపాన్పు ఎక్కి నిజంగానే పెళ్లి వదిలేసి వెళ్లిపోయిన అల్లుణ్ణి మొదటిసారి చూశాం.

సరే, నువ్వు ఎక్కడున్నా కలరా ఉండలు వేయించుకుని జాగ్రత్తగా ఉండు. ఆ ఇంట్లో ఎవరికి ఎప్పుడు చలేస్తుందో చెప్పలేం.

ఇట్లు,
ఇరవై ఏళ్లుగా ఒకే స్వెటర్ వేసుకుంటున్నవాడు