పాత నాణేనికి తుక్కు రేటా?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతకడం కర్నూలు జిల్లాలో ఏటా చూసేదే. ఇప్పుడు మెటల్ డిటెక్టర్ కూడా తోడైంది, ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తోంది. వజ్రం దగ్గర అది పలకదు లెండి, వజ్రం లోహం కాదు. నాణెం దగ్గర మాత్రం కుయ్‌మంటుంది. మా గొడవంతా ఆ నాణెం గురించే.

ముందు మిషన్ సంగతి. దాని తీగచుట్టలో పారే కరెంటు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, అక్కడ లోహం ఉంటే అందులోనూ చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని పసిగట్టి మోగుతుంది, అంతే. విడి నాణెం జానెడు లోతు దాటితే మామూలు మిషన్‌కు అందడం కష్టం. సీసా మూతకూ మోగుతుంది, ట్రాక్టర్ బోల్టుకూ మోగుతుంది, ఇనుము పాలు ఎక్కువున్న నేలలో ఒక్కోసారి ఊరికే కూడా మోగుతుంది. ఇరవై అడుగుల లోతున లంకెబిందెలు చూపిస్తామని లక్షలు అడిగేవాళ్లు బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మే మోసగాళ్లకు సొంత అన్నదమ్ములే.

అలాగని మన నేలలో నాణేలు లేవని కాదు. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1565 తర్వాత విజయనగర రాజులు పెనుకొండ నుంచి ఏలారు. గుత్తిలో టిప్పు టంకశాల ఉండేది, అక్కడ కొట్టిన కాసుల మీద ఊరి పేరు ఫైజ్ హిసార్ అని ఉంటుంది. కృష్ణదేవరాయల బంగారు వరహా మూడున్నర గ్రాములు కూడా తూగదు, కానీ అది ఏ చేలో, ఎంత లోతున, ఏ కుండలో, వేరే ఏ నాణేలతో కలిసి దొరికిందో తెలిస్తే ఆ ఊరికి ఎక్కడి వర్తకులు వచ్చేవారో, సొమ్మును ఏ కాలంలో భయపడి పాతిపెట్టారో ఊహించొచ్చు. రాత్రిపూట గునపంతో పెకలించి మర్నాడు కంసాలి దగ్గర కరిగిస్తే మిగిలేది బంగారమే.

చట్టం లేదా అంటే ఉంది, 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి, దాస్తే ఏడాది దాకా జైలు. వందేళ్ల కిందట పాతింది, సొంతదారు లేరు అని తేలితే దొరికినవాళ్లకు ముప్పాతిక, భూమి యజమానికి పాతిక. వినడానికి బాగానే ఉంది కదా? మెలిక తర్వాత ఉంది. ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. అంటే గుత్తి రాగి కాసుకు రాగి తుక్కు రేటు, పైన ఇరవై శాతం! నాణేలు సేకరించేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంటే, నాగలికి చెంబు తగిలిన రైతు టెన్షన్ పడి స్టేషన్ చుట్టూ ఎందుకు తిరుగుతాడు?

ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్‌లో 1992లో ఒకాయన, రైతు పోగొట్టుకున్న సుత్తిని డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ నాణేలు బయటపడ్డాయి. ఆయన తవ్వడం ఆపి కబురు పెట్టాడు, మిగతాది పురావస్తు శాస్త్రవేత్తలు పద్ధతిగా తీశారు, దాదాపు 15 వేల నాణేలు. పదిహేడున్నర లక్షల పౌండ్లు బహుమానంగా వస్తే రైతుతో పంచుకున్నాడు. (సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.) అక్కడివాళ్లు మనకంటే నీతిమంతులని కాదు, చెబితే గిట్టుబాటవుతుంది కాబట్టి చెప్పారు.

మన దగ్గరో? 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో, ఊరివాళ్లు వద్దంటున్నా, నిధి కోసం తవ్వకాలకు ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. ఇక ఊళ్లో కుర్రాళ్లకు బుద్ధులు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

గుత్తి, గండికోట లాంటి రక్షిత కోటల్లో మిషన్ పట్టుకుని తవ్వేవాళ్లను వదలమని మేం అనడం లేదు, పట్టుకోవాల్సిందే. సొంత చేలో దొరికింది పట్టుకుని తనంతట తానే వచ్చిన మనిషిని మాత్రం దొంగలా కూర్చోబెట్టకండి. తహసీల్దారు ఆఫీసులోనే ఆ రోజే ఫొటో తీసి, తూకం వేసి రసీదు ఇవ్వండి. లోహం రేటు కాదు, నాణెంగా దాని రేటు ఎంతో నిపుణులతో కట్టించి, గడువు పెట్టి చెల్లించండి, దానికి చట్టం మార్చాల్సి వస్తే మార్చండి. ఆ నాణెం కడప మ్యూజియంకో, అనంతపురం మ్యూజియంకో చేరితే పక్కన ఊరి పేరుతో పాటు, ఆ రైతు ఒప్పుకుంటే, ఆయన పేరు కూడా రాయండి.