రెసిస్టర్ ఒక్కటి వేస్తే చాలదు: పాత కరెంటు గడియారాలపై ఒక ప్రచారానికి ఖండన

120 వోల్ట్లకు తయారైన పాత కరెంటు గడియారాన్ని 230 వోల్ట్ల సరఫరాపై నడపాలంటే సిరీస్‌లో, అంటే కరెంటు వచ్చే దారిలోనే, ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) వేస్తే సరిపోతుందనీ, అది లేకపోతే ఒక డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) పెట్టినా వోల్టేజి సగానికి తగ్గుతుందనీ, గడియారం తీసుకునే కరెంటు అత్యల్పం కనుక ప్రమాదమేమీ ఉండదనీ, ముల్లు తిరగడం మొదలైతే పని పూర్తయినట్టేననీ చెప్పే సలహా విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ నాలుగు మాటల్లో ఏదీ పరీక్షకు నిలవదు. దశాబ్దాల పాటు చెక్కుచెదరక నడిచిన యంత్రాలు ఈ సలహా పాటించినందువల్ల కాలిపోగలవు కాబట్టి దీన్ని మాటమాటకూ ఖండించక తప్పదు.

చివరి మాటతో మొదలుపెడతాను. తప్పు పైకి కనిపించకుండా దాగేది అక్కడే. ఈ గడియారాల్లో అత్యధికం సింక్రొనస్ మోటారుతో, అంటే సరఫరా ఫ్రీక్వెన్సీకి (కరెంటు సెకనుకు పూర్తిచేసే ఆవర్తనాల సంఖ్య, కొలత హెర్ట్జ్) కట్టుబడి తిరిగే మోటారుతో నడిచేవి. హెన్రీ వారెన్ 1916లో బోస్టన్ ఎడిసన్ విద్యుత్ కేంద్రంలో ఒక మాస్టర్ గడియారాన్ని అమర్చి, సరఫరా ఫ్రీక్వెన్సీని దానితో సరిపోల్చి నియంత్రించే పద్ధతి తెచ్చిన తరువాతే ఇవి నమ్మకంగా కాలం చూపగలిగాయి. వీటికి కాలాన్ని అందించేది వోల్టేజి కాదు, ఫ్రీక్వెన్సీ. 60 హెర్ట్జ్‌పై నిమిషానికి 3600 చుట్లు తిరిగే రోటారు 50 హెర్ట్జ్‌పై 3000 చుట్లే తిరుగుతుంది. వోల్టేజిని ఎంత కచ్చితంగా సరిచేసినా ఆ గడియారం గంటకు 10 నిమిషాలు, రోజుకు 4 గంటలు వెనకబడుతుంది. జపాన్‌లో ఇళ్ళ సరఫరా అంతటా 100 వోల్ట్లే అయినా తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60 హెర్ట్జ్ ఉన్నందున, టోక్యోలో సరిగా నడిచిన సింక్రొనస్ గడియారాన్ని ఒసాకాకు తీసుకెళ్తే గంటకు 12 నిమిషాలు ముందుకు పోతుంది. వోల్టేజి మారకుండానే కాలం తప్పుతున్నప్పుడు, వోల్టేజి ఒక్కటి సరిచేస్తే అంతా సరిపోతుందనడం ఎలా కుదురుతుంది? కరెంటు మోటారుతో స్ప్రింగుకు చావి ఇచ్చుకుని, బాలెన్స్ చక్రంతో నడిచే గడియారాలకు మాత్రం ఈ చిక్కు లేదు. కనుక యంత్రం ఏ రకమో చూడకుండా సలహా ఇవ్వడమే మొదటి తప్పు.

ఇక రెసిస్టర్ సంగతి. ప్రచారంలో ఉన్న లెక్క ఇలా సాగుతుంది: గడియారం 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, తగ్గించవలసినవి 110 వోల్ట్లు, కాబట్టి సుమారు 3,670 ఓమ్‌లు వేస్తే చాలు. గడియారం కాయిల్ కేవలం రెసిస్టెన్స్ అయితే ఇది నిజమే. కానీ అది ఇనుప కోర్‌పై చుట్టిన ఇండక్టర్, అంటే కరెంటు మార్పును అయస్కాంత ప్రభావంతో అడ్డుకునే తీగచుట్ట. దానిపై వోల్టేజి, రెసిస్టర్‌పై వోల్టేజి ఒకే క్షణంలో శిఖరాన్ని చేరవు కనుక వాటిని నేరుగా కూడలేము. 120 వోల్ట్ల వద్ద 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుని 2 వాట్లు ఖర్చు చేసే కాయిల్‌ను ఉదాహరణగా తీసుకుని, రెండు సరఫరాల ఫ్రీక్వెన్సీ ఒకటే అనుకుని లెక్కిస్తే, ఆ 3,670 ఓమ్‌ల రెసిస్టర్‌తో కాయిల్‌పై పడేది 120 కాదు, దాదాపు 136 వోల్ట్లు. సరైన విలువ సుమారు 4,700 ఓమ్‌లు. అందులో వేడిగా పోయేది 4.2 వాట్లు, అంటే గడియారం ఖర్చుకు రెట్టింపుకు మించి. గాలి ఆడని చిన్న డబ్బాలో, రోటారులోని పాత నూనె పక్కనే ఈ వేడి రాత్రింబవళ్ళు పుడుతూ ఉంటే నూనె ఎండుతుంది, బేరింగులు రొద చేస్తాయి, కాయిల్ ఇన్సులేషన్ పెళుసుబారుతుంది.

దీనికి ఫ్రీక్వెన్సీ మార్పు కూడా తోడైతే 120 వోల్ట్లు అన్న లక్ష్యమే మారిపోతుంది. కోర్‌లోని అయస్కాంత ప్రవాహం వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగించిన నిష్పత్తిని బట్టి ఉంటుంది. 60 హెర్ట్జ్ వద్ద 120 వోల్ట్లకు తయారైన కాయిల్‌కు 50 హెర్ట్జ్ వద్ద తగినవి 100 వోల్ట్లు. 120 ఇస్తే కోర్‌పై 20 శాతం అదనపు భారం పడి, ఇనుము సంతృప్తమయ్యే (ఇక అయస్కాంత ప్రవాహం పెద్దగా పెరగలేని స్థితికి చేరే) కొద్దీ కరెంటు అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. మంచి ట్రాన్స్‌ఫార్మర్ వాడినా గడియారం వేడెక్కుతోందని చెప్పేవారు చాలామంది ఈ విషయాన్నే గమనించరు.

డయోడ్ సలహా అన్నిటికంటే ప్రమాదకరమైనది. డయోడ్ సగం చేసేది రెసిస్టెన్స్‌లో పుట్టే వేడిని మాత్రమే, వోల్టేజిని కాదు: 230 వోల్ట్లను 2 వర్గమూలంతో భాగిస్తే సుమారు 163 వోల్ట్లు మిగులుతాయి. పైగా డయోడ్ దాటి వచ్చేది ఒకే దిశలో పారే కరెంటు. అందులోని డీసీ (దిశ మారని కరెంటు) భాగాన్ని కాయిల్ ఇండక్టెన్స్ అడ్డుకోలేదు, తీగకున్న రెసిస్టెన్స్ ఒక్కటే అడ్డుకుంటుంది. కోర్ ఒకే వైపు సంతృప్తమై, వెంట్రుకలాంటి సన్నని తీగ మాడిపోతుంది. హీటర్ల కోసం తయారైన తేలికపాటి ప్రయాణ కన్వర్టర్లకూ గడియారాలకూ పొసగదు.

కరెంటు తక్కువ కాబట్టి ప్రమాదం లేదన్న మాట మరీ బాధ్యతారహితం. మనుషుల ప్రాణరక్షణకు అమర్చే లీకేజి రక్షణ పరికరాలు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరా తెంచేలా ఉంటాయి. మన ఉదాహరణలోని గడియారం తీసుకునేది సరిగ్గా అంతే. రెసిస్టర్ న్యూట్రల్ వైపు పడితే కాయిల్ ఒక కొస లోహపు చట్రానికి పూర్తి 230 వోల్ట్ల తేడాలో ఉంటుంది. ఎర్త్ లేని పాత చట్రం, పగిలిన రబ్బరు తీగ, 120 వోల్ట్లను ఉద్దేశించి చేసిన ఇన్సులేషన్ దాన్ని ఆపాలి. కాయిల్ మాడుతున్నా గోడలోని ఫ్యూజు కదలదు, ఎందుకంటే ఆ కరెంటు దాని లెక్కలోకే రాదు.

ఫ్రీక్వెన్సీ ఒకటే అయిన చోట ప్రైమరీ, సెకండరీ చుట్లు వేరువేరుగా ఉండే 10 వీఏ (వోల్ట్-ఆంపియర్) స్థాయి ట్రాన్స్‌ఫార్మర్‌ను విడి డబ్బాలో పెట్టి, ప్రైమరీ వైపు తగిన చిన్న ఫ్యూజు వేసి, పాత సరఫరా తీగ మార్చి వాడాలి. రెండు వైపులకూ ఒకే చుట్టను వాడే ఆటోట్రాన్స్‌ఫార్మర్ ఈ విభజన ఇవ్వదు. ఫ్రీక్వెన్సీ మారితే క్వార్ట్జ్ ఆధారంగా 60 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని పుట్టించే చిన్న ఇన్వర్టర్ వోల్టేజినీ వేగాన్నీ ఒకేసారి సరిచేస్తుంది, గడియారం లోపల ఒక్క తీగనూ తెంచవలసిన పని ఉండదు. ఏది వాడినా, గడియారం నడుస్తుండగా కాయిల్ కొసల మధ్య వోల్టేజి మీటరుతో చూడాలి. కొన్ని గంటలు నడిపి, ప్లగ్గు తీసిన తరువాతే కాయిల్ వేడిని పరిశీలించాలి.