ప్లంబర్ల మీద ఆడి గెలిచారా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరన్న చర్చ మొదలైతే చాలు, ఒక వాదన వచ్చి పడుతుంది: "1950లు, 60ల నాటి బిల్ రసెల్, విల్ట్ చాంబర్లిన్‌లను లెక్కలోకే తీసుకోకూడదు. అప్పుడున్నవి ఎనిమిది జట్లు. ఎదురుగా ఆడింది ప్లంబర్లు, ఫైర్‌మెన్. సరిగ్గా డ్రిబుల్ చేయడం కూడా రాదు. ఇప్పుడైతే బెంచ్ మీద కూడా చోటు దొరకదు." 2022లో మాజీ ఆటగాడు జేజే రెడిక్ టీవీలో ఆనాటి బోస్టన్ ఆటగాడు బాబ్ కూజీ గురించి ఈ ప్లంబర్ల మాట అన్నాక ఇది ఇంకా పాకింది. నా ఓటు మైకేల్ జోర్డాన్‌కే. అయినా ఈ వాదన కనబడిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ముందు ఆ ప్లంబర్ల సంగతి. సీజన్ అయిపోయాక చాలామంది వేరే పనులు చేసుకున్న మాట నిజమే. బోస్టన్ సెల్టిక్స్ ఫార్వర్డ్ టామ్ హైన్‌సన్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు. జీతం చాలక అమ్మాడు. ఆటగాడిగా తొమ్మిది సీజన్లలో ఎనిమిది టైటిళ్లు గెలిచిన మనిషి అతను. అప్పట్లో ఆటగాళ్లకి సరైన పెన్షన్ కూడా లేదు. 1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్‌స్టార్ గేమ్ (లీగ్‌లోని మేటి ఆటగాళ్లంతా ఆడే మ్యాచ్), టీవీలో దేశమంతా లైవ్. పెన్షన్ మీద మాట ఇస్తే తప్ప ఆడమని రసెల్, చాంబర్లిన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, అందరూ డ్రెస్సింగ్ రూములోనే కూర్చుండిపోయారు. యూనియన్ అధ్యక్షుడు ఈ హైన్‌సనే. కమిషనర్ ఒప్పుకున్నాకే బయటికి వచ్చారు. ఇవాళ్టి ఆటగాళ్లు అనుభవిస్తున్నదానికి పునాది వేసినవాళ్లలో వీళ్లున్నారు. వీళ్ల చాలీచాలని జీతాన్ని వీళ్ల ఆటకి మచ్చగా చూపించడం నాకు మింగుడుపడదు.

బేలర్ విషయమైతే ఇంకా ఆశ్చర్యం. 1961-62లో అతను ఆర్మీ రిజర్వ్ డ్యూటీలో ఉన్నాడు. పాస్ దొరికినప్పుడు, ఎక్కువగా వారాంతాల్లో, వచ్చి ఆడి వెళ్లేవాడు. అలా ఆడింది 48 గేములే, గేముకి సగటు 38 పాయింట్లు. ఆ ఏడు ఫైనల్స్‌లో రసెల్ కాపలా ఉన్న సెల్టిక్స్ మీద ఒక్క గేములో 61 కొట్టాడు.

డ్రిబ్లింగ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పాత వీడియోల్లో చేయి ఎప్పుడూ బంతి పైనే ఉంటుంది. చేయి బంతి కిందికి వెళ్తే రిఫరీ విజిల్ వేసి బంతి అవతలి జట్టుకి ఇచ్చేసేవాడు. ఇప్పుడు మనం చప్పట్లు కొట్టే క్రాస్‌ఓవర్లలో (బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చి ఎదుటివాణ్ని బోల్తా కొట్టించడం) చాలావాటిని అప్పుడు ఒప్పుకునేవారు కాదు.

జట్ల లెక్క నిజమే. 1960-61లో ఎనిమిది, మరుసటి ఏడు తొమ్మిది. అంటే లీగ్ మొత్తంలో చోటు వందమందికి అటూఇటూ. అందుకే రసెల్, విల్ట్ ఒకరికొకరు 140 సార్లకు పైగా ఎదురుపడ్డారు. ఇప్పుడు లీగ్‌లోని రెండు భాగాల్లో, అంటే వేర్వేరు కాన్ఫరెన్సుల్లో, ఉన్న ఇద్దరు మేటి సెంటర్లు (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాళ్లు) రెగ్యులర్ సీజన్‌లో కలిసేది రెండుసార్లే. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నల్లజాతి ఆటగాళ్లని ఎంతమందిని తీసుకోవాలన్నదానికి అప్పటి యజమానులు కాగితం మీద లేని హద్దు పెట్టుకున్నారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు దాదాపు లేరు. సెర్బియా నుంచి వచ్చిన యోకిచ్, గ్రీస్ నుంచి వచ్చిన యానిస్ ఆడే ఈనాటి లీగ్‌కి ప్రపంచమంతా తలుపు తెరిచి ఉంది. కాకపోతే ఆ హద్దుని దాటుకుని వచ్చినవాళ్లే రసెల్, విల్ట్.

విల్ట్ 1961-62 సగటు గేముకి 50.4 పాయింట్లు. దాన్ని ఈనాటి అంకెల పక్కన నేరుగా పెట్టకూడదంటే నేనూ ఒప్పుకుంటాను. జట్లు గేముకి వందకు పైగా షాట్లు వేసేవి, సగానికి పైగా తప్పేవి, రీబౌండ్లు (తప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం) కుప్పలుగా దొరికేవి. కానీ ఆ వేగం అందరికీ ఒకటే కదా! అదే సీజన్‌లో బేలర్ 38 దగ్గర ఆగాడు, వాల్ట్ బెల్లమీ 31.6 దగ్గర. విల్ట్ బుట్ట పక్కనే పాతుకుపోతున్నాడని 1964లో లేన్ (బుట్ట ముందు, దాడి చేసే ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడని చోటు) వెడల్పు 12 అడుగుల నుంచి 16కి పెంచారు. రసెల్‌కైతే అంకెలు అసలు న్యాయం చేయలేదు. అతని ప్రాణమంతా బ్లాకుల్లో, అంటే ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడంలో ఉంది. ఎన్‌బీఏ వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో, అతను 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచి వెళ్లిపోయిన నాలుగేళ్లకి.

ఇప్పుడైతే చోటే దొరకదంటారా? 1972 వెస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో 35 ఏళ్ల విల్ట్ తన జట్టుతో ఆ ఏటి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కరీమ్ అబ్దుల్ జబ్బార్ జట్టుని ఓడించి, తర్వాత ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. ఆ కరీమ్ 1985లో, 38 ఏళ్ల వయసులో, లారీ బర్డ్ ఉన్న బోస్టన్ మీద ఫైనల్స్ ఎంవీపీ. మరుసటి ఏడు అతను తలపడింది కుర్ర హకీమ్ ఒలాజువాన్‌తో. ఆ హకీమ్ 1995 ఫైనల్స్‌లో ఎదుర్కొన్నది షకీల్ ఓనీల్‌ని. షకీల్ 2009-10లో క్లీవ్‌లాండ్‌లో లెబ్రాన్ జేమ్స్ పక్కన ఆడాడు. లెబ్రాన్ 40 ఏళ్లు నిండాక కూడా కోర్టులోనే ఉన్నాడు. ఈ గొలుసు ఎక్కడ తెగిందో, ప్లంబర్ల మాట అనేవాళ్లు చెప్పాలి.