గబ్బిలాలకు వెయ్యి కోట్లు, మాంచెస్టర్‌కు టాటా

మా పెదనాన్నది రాజమండ్రి. బ్రిటిష్ వాళ్ళ మీద ఆయనకి చాలా గట్టి అభిప్రాయాలున్నాయి. ఎప్పుడూ బ్రిటన్ వెళ్ళలేదు కాబట్టి అవి చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. అన్నిటి సారాంశం ఒకటే: "తెల్లోళ్ళే నయంరా." దీనికి ఆయన దగ్గర రెండు సాక్ష్యాలు, రెండూ గోదావరి మీదే. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర కట్టేసిన ధవళేశ్వరం ఆనకట్ట ఒకటి, 1897లో మొదలై 1900కల్లా రైలు ఎక్కేసిన హేవ్‌లాక్ వంతెన ఇంకొకటి. టీవీలో పోలవరం వార్త వచ్చిందంటే చాలు, ఈ నాలుగు సంవత్సరాలూ ఎక్కాల్లా అప్పజెబుతారు.

నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. పెదనాన్నతో వాదనకి దిగే ధైర్యం నాకు లేదు. తెల్లోళ్ళు ఆ దశ ఎప్పుడో దాటేశారని, కట్టడం అనే మొరటు పనిని వదిలేసి కట్టకపోవడంలో లోకానికే పాఠం చెప్పే స్థాయికి ఎదిగారని మాత్రం సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఇక్కడ హెచ్ఎస్2, అంటే హైస్పీడ్ 2, అని ఒక రైలు మార్గం ఉంది. ఉంది అంటే, ఉండాలి. 2009లో లేబర్ ప్రభుత్వం దానికోసం ఒక కంపెనీ పెట్టింది, 2012లో తర్వాతి ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా వచ్చి, అక్కడ పంగలకర్రలా చీలి, ఒక కొమ్మ మాంచెస్టర్‌కి, ఇంకోటి లీడ్స్‌కి వెళ్ళాలి. మొత్తం ఖర్చు 33 బిలియన్ పౌండ్లు అన్నారు, మొదటి రైలు 2026లో అన్నారు. 2021లో లీడ్స్ కొమ్మ నరికేశారు. 2023లో మాంచెస్టర్ కొమ్మ కూడా. మిగిలిన 225 కిలోమీటర్ల మోడుకే ఖర్చు అప్పటి చెట్టు మొత్తం అంచనాని ఎప్పుడో దాటేసింది. పోనీ అదైనా ఎప్పటికి అంటే, 2033కి కూడా కాదని 2025లో రవాణా మంత్రి హైడీ అలెగ్జాండర్ పార్లమెంటులోనే చెప్పారు. 2009 నుంచి 2024 దాకా ఏడుగురు ప్రధానులు ఈ రైలుని చూసుకున్నారు. లిజ్ ట్రస్ గారు కుర్చీలో ఉన్నది 49 రోజులే కాబట్టి ఆవిడకి ఏ కొమ్మా నరికే టైమ్ దొరకలేదు, పాపం.

రద్దు చేయడంలో కూడా ఒక పద్ధతి ఉంటుంది, అది వీళ్ళని చూసి నేర్చుకోవాలి. మాంచెస్టర్‌కి రైలు రాదు అన్న కబురు చెప్పడానికి అప్పటి ప్రధాని రిషి సునాక్ గారు 2023 అక్టోబర్ 4న ఎక్కడికి వెళ్ళారనుకుంటున్నారు? మాంచెస్టర్‌కే. ఆయన పార్టీ మహాసభ జరిగిన ఆ భవనం ఒకప్పటి రైల్వే స్టేషన్! పెళ్ళి తప్పిపోయిందని పెళ్ళికూతురి వాళ్ళ పందిట్లోనే మైకు పట్టుకుని చెప్పినట్టు. పైగా బాధపడకండి, ఆ డబ్బుతో మీకు బోలెడు చేస్తాం అని ఒక జాబితా విడుదల చేశారు. అందులో మాంచెస్టర్ విమానాశ్రయానికి ట్రామ్ వేస్తామని ఉంది. ఆ ట్రామ్ 2014 నుంచే నడుస్తోంది. ఇచ్చిన మాట తొమ్మిదేళ్ళు ముందే నెరవేర్చిన ప్రభుత్వాన్ని మీరెక్కడైనా చూశారా?

ఇక గబ్బిలాల దగ్గరికి వద్దాం. బకింగ్‌హమ్‌షైర్‌లో షీప్‌హౌస్ వుడ్ అని ఒక అడవి ఉంది, అందులో అరుదైన జాతి గబ్బిలాలున్నాయి, సుమారు 300 అని పత్రికల లెక్క. అవి రైలుకి తగలకుండా పట్టాల మీద దాదాపు కిలోమీటరు పొడవున జల్లెడ లాంటి కప్పు కడుతున్నారు. ఖర్చు పది కోట్ల పౌండ్ల పైనే, మన రూపాయల్లో వెయ్యి కోట్లు దాటుతుంది. వేగంగా వెళ్ళే రైళ్ళ వల్ల ఈ గబ్బిలాలకి హాని జరుగుతుందనడానికి అసలు ఆధారమే లేదని ఆ రైలు కంపెనీ ఛైర్మనే 2024లో అన్నారు. ఇలా కట్టమని మేమెప్పుడూ చెప్పలేదని ప్రకృతి పరిరక్షణ సంస్థ అంది. అంటే అడిగినవాళ్ళు లేరు, అవసరమని నమ్మినవాళ్ళు లేరు, అయినా కట్టేస్తున్నారు. ఎవరూ అడక్కుండానే పని జరిగే దేశం ఇది! (మాంచెస్టర్ వాళ్ళు అడిగారు, అదే వాళ్ళు చేసిన తప్పు.)

ఇంకో ముచ్చట. ఈ రైళ్ళు బర్మింగ్‌హామ్ దాటాక పాత పట్టాల మీదే వెళ్ళాలి. ఇప్పుడు అక్కడ తిరిగే రైళ్ళు మలుపుల్లో ఒక పక్కకి వంగి స్పీడుగా పోతాయి. కొత్తవి వంగవు. అందుకని ఈ హైస్పీడ్ రైలు పాత రైలు కంటే నెమ్మదిగా వెళ్ళాల్సి వస్తుంది. పోనీ పాత రైళ్ళయినా టైముకి వస్తాయా అంటే, శరదృతువులో పట్టాల మీద ఆకులు పడ్డాయని నా ఆఫీసు రైలు ఆలస్యం. చెట్ల కింద నుంచి రైలు వేసినవాళ్ళకి ఆకులు రాలతాయని ఇన్నేళ్ళయినా ఎవరూ చెప్పలేదనుకుంటా.

మా ఇంటికి కాస్త దూరంలోనే కర్జన్ స్ట్రీట్ ఉంది. హెచ్ఎస్2 కొత్త స్టేషన్ అక్కడే వస్తోంది, దాని పక్కనే పాత స్టేషన్ భవనం. లండన్-బర్మింగ్‌హామ్ మొదటి రైలు మార్గాన్ని 1833లో మొదలుపెట్టి 1838కల్లా అక్కడిదాకా తెచ్చేశారు. జేసీబీల్లేవు, కంప్యూటర్లు లేవు, పారలూ గునపాలే. ఐదేళ్ళు. పెదనాన్నకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, చెప్తే ఆయన ఎక్కాల్లో ఇదీ చేరిపోతుంది.

మా పక్కింటి పెద్దాయన ఇవన్నీ విని నిట్టూర్చి, "ఫ్రెంచి వాళ్ళయితే ఎప్పుడో కట్టేసేవాళ్ళు" అన్నాడు. 2016లో యూరప్ వద్దని ఓటేసింది కూడా ఈయనే. గోదావరి గట్టున పెదనాన్న, కంచె అవతల ఈయన, వీళ్ళిద్దరినీ ఒకసారి కూర్చోబెట్టి టీ ఇప్పించాలి.

మొన్న ఆదివారం ఉండబట్టలేక పెదనాన్నకి ఫోన్ చేసి లీడ్స్ కొమ్మ దగ్గర్నుంచి గబ్బిలాల దాకా మొత్తం చెప్పాను. ఈ దెబ్బతో ఆయన నమ్మకం కూలిపోతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇంతకీ ఆఖర్న ఆపేసిందెవరన్నావురా?" అన్నారు.

"సునాక్ అండీ." 2022 దీపావళి నాడు ఈ సునాక్ పేరు ఖాయం కాగానే మన అల్లుడు ప్రధాని అయ్యాడని వీధంతా పూతరేకులు పంచింది పెదనాన్నే.

"అదీ సంగతి! మనోడి చేతిలో పెడితే ఇంకేమవుద్ది? చెప్తే వినవు గానీ, తెల్లోళ్ళే నయంరా."